చెట్టు చెప్పిన కరువు లెక్క

మన పల్లెల్లో పెద్దవాళ్ళు కరువులను సంవత్సరం పేరుతో గుర్తు పెట్టుకునేవారు. నందన కరువు అంటే 1832–33లో గుంటూరు సీమను ఊడ్చిపెట్టిన కరువు. ధాత కరువు అంటే 1876–78లో రాయలసీమను వల్లకాడు చేసిన కరువు. తాత చెప్పింది మనవడు విన్నాడు, ఆ మనవడు తన మనవడికి చెప్పాడు. మరి అంతకు ముందు సంగతి? సర్కారు వాన లెక్కలు చూద్దామా అంటే, చాలాచోట్ల అవి నూరూ నూటయాభై ఏళ్ళకు మించి లేవు. మనిషి మరిచిపోతాడు, కాగితానికి చెదలు పడతాయి. అయిదు వందల ఏళ్ళ కిందట ఫలానా ఏడు వాన పడిందా, ఎండిపోయిందా అని ఎవరినడగాలి?

చెట్టునడగాలి. చెట్టు మొదట్లో ఏడాదికొక గీత చొప్పున ఆ లెక్క పడివుంటుంది. ఆ లెక్క చదివే పద్ధతిని నిలబెట్టినవాడు ఆండ్రూ ఎలికాట్ డగ్లస్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు. ఆయన 1962లో చనిపోయాడు. ఆయన రైతూ కాదు, అడవి శాఖ మనిషీ కాదు. ఆకాశంలో నక్షత్రాలూ గ్రహాలూ చూసుకునే మనిషి. అటువంటివాడు చెట్ల దగ్గరికి ఎట్లా వచ్చాడు, ఏం వెదికాడు, ఏం దొరికింది, ఆ లెక్క నేటి నీళ్ళ తగాదాల్లో కష్టజీవులకు ఎందుకు పనికొస్తుంది అన్నది మన కూలన్నలూ కార్యకర్తలూ తెలుసుకోదగ్గ కథ.

యజమాని మాట కాదన్నందుకు

డగ్లస్ 1867 జులై 5న అమెరికా ఈశాన్యాన వెర్మాంట్ రాష్ట్రంలో విండ్సర్ అనే ఊళ్ళో పుట్టాడు. మన లెక్కలో అది ప్రభవ సంవత్సరం. ఇక్కడ ధాత కరువు పడేనాటికి అక్కడ ఆయన తొమ్మిదేళ్ళ పిల్లవాడు. తండ్రి క్రైస్తవ మతగురువు. 1889లో ట్రినిటీ కాలేజీలో పట్టా పుచ్చుకుని, హార్వర్డ్ విశ్వవిద్యాలయం వారి నక్షత్రశాలలో పనికి కుదిరాడు. 1891లో ఆ నక్షత్రశాలవాళ్ళు దక్షిణ అమెరికాలోని పెరూ దేశంలో, అరెకిపా దగ్గర కొండల మీద ఒక శాఖ పెట్టడానికి వెళితే వాళ్ళతోపాటు వెళ్ళాడు.

ఆ రోజుల్లో బోస్టన్ నగరంలో పెర్సివల్ లోవెల్ అనే ధనవంతుడు వుండేవాడు. ఆయనకు అంగారక గ్రహం మీద పిచ్చి అభిమానం. ఆ గ్రహం ఎండిపోతోందనీ, అక్కడి ప్రాణులు ధ్రువాల దగ్గరి మంచునీళ్ళను పొలాలకు తెచ్చుకోవడానికి పొడుగాటి కాలువలు తవ్వుకున్నారనీ ఆయన నమ్మకం. ఆ కాలువలు చూడ్డానికి సొంత డబ్బుతో నక్షత్రశాల కట్టించదలిచాడు. 1894లో డగ్లస్ ను పనిలో పెట్టుకుని, స్థలం వెదకమని అరిజోనాకు పంపాడు. డగ్లస్ అక్కడి ఊళ్ళన్నీ తిరిగి, చివరికి ఫ్లాగ్‌స్టాఫ్ దగ్గర ఏడు వేల అడుగుల ఎత్తున, దేవదారు జాతి పైన్ చెట్ల మధ్య నక్షత్రశాల నిలబెట్టాడు.

కొన్నేళ్ళు ఆయన కూడా ఆ గీతలను చూశాడు, బొమ్మలు గీశాడు. కాని అనుమానం మొదలైంది. కృత్రిమంగా చేసిన బిళ్ళలను దూరాన పెట్టి, వాటిని టెలిస్కోపుతో చూసి పరీక్షించాడు. గీతలు లేనిచోట కూడా కంటికి గీతలు కనబడుతున్నాయని తేలింది. యజమాని ముందుగా ఒక నిర్ణయానికి వచ్చి, దానికి తగ్గ సాక్ష్యాలు మాత్రమే ఏరుకుంటున్నాడని లోవెల్ బావగారికి ఉత్తరం రాశాడు. ఆ సంగతి లోవెల్ దాకా వెళ్ళింది. 1901లో ఉద్యోగం వూడింది. జీతమిచ్చేవాడి మాట తప్పంటే ఏమవుతుందో మన పాఠకులకు ఒకరు చెప్పనక్కర్లేదు. అంగారకుడి మీద కాలువలు లేవని తర్వాత రోజుల్లో లోకానికంతా తెలిసింది.

ఉద్యోగం పోయినా డగ్లస్ ఊరు వదల్లేదు. ఆ ఊళ్ళోనే బడిపంతుళ్ళను తయారుచేసే కాలేజీలో భూగోళం, స్పానిష్ భాష చెప్పాడు. ఆస్తుల వారసత్వపు తగాదాలు తీర్చే చిన్న జడ్జీగా కూడా కొన్నాళ్ళు పనిచేశాడు. ఈ కాలంలోనే ఆయన చూపు ఆకాశం నుంచి చెట్టు మొదలుకు దిగింది.

సూర్యుడి కోసం చెట్టు దగ్గరికి

సూర్యుడి మీద మచ్చలు వుంటాయి. అవి సుమారు 11 ఏళ్ళకొకసారి పెరిగి, తగ్గి, మళ్ళీ పెరుగుతాయి. ఆ మచ్చలను బట్టి భూమి మీద వానలు మారతాయా అన్నది అప్పట్లో పెద్ద ప్రశ్న. అందుకు జవాబు చెప్పాలంటే వందల ఏళ్ళ వాన లెక్క కావాలి. అరిజోనాలో తెల్లవాళ్ళ వాన లెక్కలు కొద్ది ఏళ్ళవే.

1901లో గుర్రబ్బండి మీద ఆ ప్రాంతంలో ప్రయాణం చేస్తూ డగ్లస్ ఒకటి గమనించాడు. ఎత్తున, వానా మంచూ పడేచోట పెద్ద పైన్ చెట్లు వున్నాయి. కిందికి దిగేకొద్దీ చెట్లు పొట్టివవుతున్నాయి. ఇంకా దిగితే తుప్పలు, ఆ తర్వాత ఎడారి. అంటే ఆ నేలలో చెట్టు బతుకును నిర్ణయించేది నీళ్ళే. నీళ్ళను బట్టి చెట్టు పెరుగుతుంటే, ఏ ఏడు ఎంత పెరిగిందో కొలిస్తే ఆ ఏటి నీళ్ళు తెలియవా? అదే నిజమైతే చెట్టే వాన లెక్కల పుస్తకం గదా అనుకున్నాడు.

ఇక్కడ చెట్టు పెరిగే తీరు కొంచెం చెప్పుకోవాలి. చలిదేశాల్లో పైన్ వంటి చెట్టు చలికాలమంతా నిద్రపోతుంది. వసంతంలో బెరడు కింద కొత్త కలప పోస్తుంది. మొదట వేగంగా పోసిన కలప లేతరంగులో, మెత్తగా వుంటుంది. ఎండాకాలం చివర పోసింది ముదురు రంగులో, గట్టిగా వుంటుంది. తర్వాత పెరుగుదల ఆగుతుంది. ఒక లేత పట్టీ, ఒక ముదురు పట్టీ కలిస్తే ఒక ఏడు. నీళ్ళు బాగా అందిన ఏడు ఈ వలయం వెడల్పుగా వుంటుంది. కరువు ఏడు వెంట్రుకంత సన్నగా వుంటుంది. బెరడు పక్కన వున్నది నరికిన ఏటి వలయం. అక్కడి నుంచి లోపలికి లెక్కపెట్టుకుంటూ పోతే ఒక్కో ఏడు వెనక్కి పోతాం.

1904లో డగ్లస్ ఫ్లాగ్‌స్టాఫ్ లో ఒక కలప కంపెనీ అడితికి వెళ్ళి, దుంగల కొనల మీద వలయాలు కొలవడం మొదలుపెట్టాడు. పలకలు కోయించుకుని ఇంటికి తెచ్చుకున్నాడు. కొలవగా కొలవగా ఒక విచిత్రం కనబడింది. వేరువేరు చెట్లలో కూడా సన్న వలయాలు, వెడల్పు వలయాలు ఒకే వరుసలో వస్తున్నాయి. ఒక ప్రత్యేకమైన సన్న వలయాల గుంపు దాదాపు ప్రతి దుంగలోనూ బెరడు నుంచి ఇంచుమించు అంతే లోపల వుంది. ఒకరోజు ఊరి దగ్గర పాత మోడు ఒకటి చూశాడు. అదే గుంపు ఇందులోనూ వుంది గాని, బెరడుకు బాగా దగ్గరగా వుంది. దాన్ని బట్టి ఆ చెట్టును సుమారు పదేళ్ళ కిందట నరికారని లెక్కకట్టాడు. ఆ భూమి రైతును అడిగితే అది నిజమేనని తేలింది. నరికింది చూడకుండా, నరికిన ఏడు చెప్పగలిగాడు. ఒక కొత్త శాస్త్రానికి అది మొదలు.

మస్టరు సరిచూసినట్టు

ఇందులో పని వలయాలు లెక్కపెట్టడంతో తీరదు. ఘోరమైన కరువు ఏడు చెట్టు ఒకపక్క వలయమే వెయ్యకపోవచ్చు. వాన రెండు విడతలుగా పడిన ఏడు రెండు వలయాలున్నట్టు కనబడవచ్చు. ఒక్క చెట్టును నమ్ముకుంటే లెక్క తప్పుతుంది.

డగ్లస్ పద్ధతి మనకు తెలియనిది కాదు. మేస్త్రీ మస్టరులో ఒకరోజు హాజరు ఎగ్గొడతాడు. ఒక్కడి జ్ఞాపకంతో వాదిస్తే నిలవదు. అదే పదిమంది కూలీలు తమ లెక్కలు పక్కపక్కన పెట్టి చూసుకుంటే, ఏ రోజు పోయిందో వేలుపెట్టి చూపించవచ్చు. డగ్లస్ కూడా పదుల చెట్లను, తర్వాత వందల చెట్లను పక్కపక్కన పెట్టాడు. గళ్ళ కాగితం పట్టీ మీద సన్న వలయం వచ్చిన ఏటికల్లా ఒక నిలువు గీత గీసేవాడు. ఎంత సన్నదైతే అంత పొడుగు గీత. ఆ పట్టీలను ఒకదాని పక్కన ఒకటి జరుపుతూ గీతల వరుసలు కలిసేదాకా చూసేవాడు. కలిశాయంటే రెండు చెట్లూ ఒకే కాలంలో బతికాయన్నమాట. ఒక చెట్టులో పోయిన వలయాన్ని ఇంకో చెట్టు పట్టిస్తుంది. ఫ్లాగ్‌స్టాఫ్ చెట్ల వరుస, చాలా దూరాన వున్న ప్రెస్కాట్ అనే ఊరి చెట్లలో కూడా వున్నదని 1911లో తేలాక ఆయనకు గట్టి నమ్మకం కుదిరింది.

ఏ చెట్టును అడగాలన్నది కూడా ఆయన నేర్చుకున్నాడు. వాగు ఒడ్డునో, లోతు మట్టిలోనో వున్న చెట్టుకు ప్రతి ఏడూ నీళ్ళు అందుతాయి. దాని వలయాలన్నీ ఒకే వెడల్పు. ఊరంతా ఎండిపోయినా దానికి కరువు తెలియదు. అటువంటి చెట్టును ఆయన నిశ్చింతగా వున్న చెట్టు అన్నాడు. రాతి గుట్ట మీద, పైన పడిన వానే దిక్కుగా బతికే చెట్టు వుంటుంది. ప్రతి వానా, ప్రతి ఎండా దాని ఒంటి మీద గుర్తు పడుతుంది. కరువు లెక్కకు పనికొచ్చేది ఆ గుట్టమీది చెట్టే. మన ఊళ్ళలోనూ కరువు ఎప్పుడు మొదలైందని కాలువ కింద పదెకరాల మాగాణి వున్నవాణ్ణి అడిగితే ఒక జవాబు వస్తుంది. మెట్టచేల మీద కూలికి పోయేవాళ్ళను అడిగితే ఇంకో జవాబు వస్తుంది.

1906లో డగ్లస్ టూసాన్ లోని అరిజోనా విశ్వవిద్యాలయంలో చేరి, అక్కడే జీవితాంతం వున్నాడు. 1916లో ఒక దాత ఇచ్చిన 60 వేల డాలర్లతో అక్కడ స్టూవర్డ్ నక్షత్రశాల కట్టించే పని ఎత్తుకున్నాడు. అది 1923కు పూర్తయింది. పగలు చెట్లు, రాత్రి నక్షత్రాలు. కాలిఫోర్నియాలోని మహావృక్షాలు, సెకోయా అంటారు, వాటి మొద్దుల నుంచి మూడు వేల ఏళ్ళకు పైబడిన వరుస సంపాదించాడు. చెట్ల పెరుగుదల మీద ఆయన రాసిన పెద్ద గ్రంథం మూడు సంపుటాలుగా 1919, 1928, 1936 సంవత్సరాల్లో వచ్చింది.

పాత ఇళ్ళ దూలాలు

అమెరికా నైరుతి మూలన, తెల్లవాళ్ళు అడుగుపెట్టకముందు, ప్యూబ్లో ప్రజలనే ఆదివాసులు రాతితో అంతస్తుల ఇళ్ళు కట్టుకుని, మొక్కజొన్న, చిక్కుడు, గుమ్మడి పండించుకుని బతికారు. చాకో లోయలోని ప్యూబ్లో బొనీటో అనే ఒక్క కట్టడంలోనే 600కు పైగా గదులున్నాయి. కొండ చరియల్లో గూళ్ళు కట్టినట్టు కట్టిన మెసా వెర్డే ఇళ్ళు కూడా వాళ్ళవే. అవి ఎప్పుడు కట్టారో, ఎందుకు వదిలిపోయారో పండితులకు తెలియదు. రెండు వేల ఏళ్ళ నాటివని ఒకరు, అయిదు వందల ఏళ్ళ నాటివని ఒకరు ఊహలు చెప్పుకునేవారు. వాళ్ళ సంతతి అయిన హోపీ, జూనీ ప్రజలు ఎదురుగా బతికే వున్నారు. వాళ్ళు చెప్పుకునే వలసల కథలను మాత్రం పండితులు చరిత్రగా లెక్కచెయ్యలేదు.

ఆ ఇళ్ళ కప్పులకు పైన్ దూలాలు, వాసాలు వేశారు. ఎండనేల గనుక అవి చెడిపోలేదు. న్యూయార్కులోని ప్రకృతి చరిత్ర మ్యూజియంవారు ఆ దూలాల ముక్కలను డగ్లస్ కు పంపారు. 1919 నాటికి ఆయన ఒక సంగతి తేల్చాడు. ఆజ్టెక్ శిథిలాలు అనే చోట వాడిన చెట్లను ప్యూబ్లో బొనీటోలో వాడిన చెట్ల కంటే 40 ఏళ్ళకు పైగా ఆలస్యంగా నరికారు. ఏది ముందో ఏది వెనకో తెలిసింది గాని, అసలు తేదీ తెలియలేదు. ఎందుకంటే బతికున్న చెట్ల వరుస వెనక్కి పోయి ఒకచోట ఆగింది. పాత దూలాల వరుస దానికి కలవకుండా గాలిలో వేలాడింది.

ఆ రెంటి మధ్య తెగిపోయిన ముక్క కోసం 1923, 1928, 1929 సంవత్సరాల్లో మూడు దండయాత్రలు చేశారు. నేషనల్ జియోగ్రఫిక్ సొసైటీ డబ్బు ఇచ్చింది. తవ్వకాల్లో చెమటోడ్చినవాళ్ళలో ఆదివాసీ కూలీలు చాలామంది. పేరు ప్రొఫెసర్లకు వచ్చింది. హోపీల పాత ఊరు ఒరాయిబీలో జనం కాపురమున్న ఇళ్ళ దూలాల నుంచే నమూనాలు తీయవలసివచ్చింది. ఇళ్ళవాళ్ళ అనుమతి అడిగి, కానుకలిచ్చి, సన్న గొట్టం వంటి బరమాతో వేలెడు ముక్క తీసుకున్నారు. అట్లా బతికున్న చెట్ల వరుసను 1260 దాకా వెనక్కి లాగగలిగారు. అయినా గట్టిగా అతకలేదు.

1929 జూన్ 22న అరిజోనాలోని షో లో అనే చిన్న ఊళ్ళో, పాడుబడ్డ కట్టడం ఒకటి తవ్వుతుంటే, సగం కాలిన దూలం ముక్క దొరికింది. హార్‌గ్రేవ్, హౌరీ అనే ఇద్దరు పడుచువాళ్ళు దాన్ని తీశారు. కాలి బొగ్గైన కలప కుళ్ళదు. కాని ముట్టుకుంటే రాలిపోతుంది. దారంతో చుట్టి, మైనంలో ముంచి నిలబెట్టారు. హెచ్‌హెచ్-39 అని దానికి నంబరు పెట్టారు. ఆ రాత్రి దీపం వెలుగులో డగ్లస్ దాని వలయాలు చదివాడు. ఆయనకు ఆ వరుసలన్నీ కంఠోపాఠం. దాని నడిమి వలయం 1237వ సంవత్సరానిది. అక్కడి నుంచి 1380 దాకా ఏడాది తప్పకుండా వున్నాయి. పాత వరుసా, కొత్త వరుసా దాని మీద కలిశాయి. ఒక్క రాత్రిలో, నైరుతి దేశంలోని పదుల కొద్దీ శిథిలాలకు నికరమైన సంవత్సరాలు దొరికాయి. ప్యూబ్లో బొనీటో మన కాకతీయుల తొలినాళ్ళకు ముందే మొదలై, 12వ శతాబ్దం దాకా కట్టిన కట్టడమని తేలింది.

మహా కరువు, దాని తర్వాత

అన్నేళ్ళపాటు ఆ అతుకు ఎందుకు కుదరలేదన్నది ఆలోచించదగ్గది. తెగిన చోటనే ఒక పెద్ద కరువు వుంది. 1276 నుంచి 1299 దాకా, దాదాపు 24 ఏళ్ళు, వలయాలు వరుసగా సన్నబడిపోయాయి. ఆ కాలంలో జనం ఊళ్ళు వదిలి పోతున్నారు. కొత్త ఇళ్ళు కట్టినవాళ్ళు తక్కువ, అందువల్ల దూలాలూ తక్కువే. ఆ శతాబ్దం ముగిసేసరికి మెసా వెర్డే చరియల్లోని ఇళ్ళు ఖాళీ అయ్యాయి.

కరువే వాళ్ళను తరిమిందని మొదట్లో అందరూ తేలిగ్గా చెప్పేశారు. తర్వాతివాళ్ళు ఇంకా లోతుగా చూశారు. అంతకు ముందు కూడా ఆ నేల మీద కరువులు వచ్చాయి, అప్పుడు జనం నిలబడ్డారు. ఈసారి జనాభా పెరిగివుంది, చుట్టుపక్కల కలపా వేటా తరిగాయి, ఊళ్ళ మధ్య కొట్లాటలు ముదిరాయి, నమ్మిన పెద్దరికం చెడింది. వాన పోవడం వీటన్నిటి మీదా పడ్డ దెబ్బ. జనం అంతరించలేదు. దక్షిణానికీ తూర్పుకూ, రియో గ్రాండె లోయకూ, హోపీ మెట్టలకూ వలసపోయి కొత్త ఊళ్ళు కట్టుకున్నారు. హోపీలు చెప్పుకునే వలస కథలు ఉత్త కట్టుకథలు కావని ఆ విధంగా తేలింది. చెట్టు వలయం వాన పోయిన సంగతి చెబుతుంది. ఆ వాన పోయినప్పుడు ఎవరి గాదెలో ఏం వుంది, ఎవరు ఎవరికి పెట్టారు అన్నది మనుషుల్లో వెదకాలి.

దొరకనిది ఒకటి, దొరికింది ఇంకొకటి

డగ్లస్ అసలు వెదికింది ఇదేదీ కాదు. సూర్యుడి మచ్చలకూ వానలకూ సంబంధం తేలిస్తే, రాబోయే కరువులను ముందే చెప్పవచ్చునని ఆయన ఆశ. దానికోసం చక్రాలు పట్టే యంత్రాలు కూడా తయారుచేశాడు. ముసలితనం దాకా ఆ ఆశ వదల్లేదు. అది మాత్రం ఫలించలేదు. కొన్ని చెట్లలో 11 ఏళ్ళ తాళం వినబడినట్టే వుండి, ఇంకో చోట తప్పిపోయేది. ఆ చక్రాన్ని నమ్ముకుని ఎవరూ వాన చెప్పలేకపోయారు.

ఈ సూర్యుడి మచ్చల కథకు మన ధాత కరువుతో చుట్టరికం వుంది. 1877లో, మద్రాసు రాజధానిలో జనం లక్షల్లో చస్తున్నప్పుడు, బ్రిటిష్ సర్కారు గణాంకాల పెద్ద విలియం హంటర్, ఖగోళ శాస్త్రజ్ఞుడు నార్మన్ లాకియర్ కలిసి సూర్యుడి మచ్చలు, క్షామాలు అన్న విషయం మీద ఒక వ్యాసం రాశారు. మద్రాసు వాన లెక్కలు చూపి, మచ్చలు తగ్గిన ఏళ్ళలో దక్షిణ దేశంలో వానలు తప్పుతాయన్నారు. తర్వాతి వానలు ఆ లెక్కకు లొంగలేదు. కాని ఆ రోజుల్లో అటువంటి మాట దొరలకు ఎంత అనుకూలం! తప్పు సూర్యుడిదైతే సర్కారుది ఏమీ లేదు.

అదే 1877లో రిచర్డ్ టెంపుల్ అనే అధికారి కరువు పనుల కూలి తగ్గించాడు. దినమంతా రాళ్ళు మోసినవాడికి ఒక పౌను ధాన్యం, అంటే సుమారు 450 గ్రాములు, ఆ పైన ఏదో చిల్లర. అది మనిషి ప్రాణం నిలపడానికి చాలదని మద్రాసు ఆరోగ్య కమిషనరు డాక్టరు కార్నిష్ గట్టిగా పోట్లాడాడు. బొంబాయి రాజధానిలో కూలీలు పని వదిలి సమ్మె కట్టారు. ఆ రోజుల్లో దేశం నుంచి ధాన్యం ఎగుమతి మాత్రం ఆగలేదు. వాన తప్పడం ఒకటి, పౌను కూలి ఇంకొకటి. మొదటిది చెట్టులో కనబడుతుంది. రెండోది ఏ చెట్టులోనూ కనబడదు.

వెదికింది దొరక్కపోయినా డగ్లస్ పని వృథా కాలేదు. 1937లో, ఆయనకు 70 ఏళ్ళప్పుడు, చెట్ల వలయాల కోసమే ఒక పరిశోధనాలయం టూసాన్ లో ఏర్పడింది. విశ్వవిద్యాలయం ఆటల మైదానంలో, జనం కూర్చునే మెట్ల కింద దానికి చోటిచ్చారు. 2013లో సొంత భవనం వచ్చేదాకా అది అక్కడే నడిచింది. ఆయన శిష్యుడు ఎడ్మండ్ షుల్మన్ 1950ల్లో కాలిఫోర్నియా కొండల మీద నాలుగు వేల ఏళ్ళు దాటి బతికివున్న పైన్ చెట్లు కనిపెట్టాడు. డగ్లస్ 1962 మార్చి 20న టూసాన్ లో, 94వ ఏట కన్నుమూశాడు.

నది పంచుకున్నవాళ్ళ పొరపాటు

డగ్లస్ కొలతలు లోకానికి ఎంత అవసరమో ఆయన పోయిన తర్వాత తెలిసింది. ఆయన పనిచేసిన అరిజోనా మీదుగానే కొలరాడో నది పారుతుంది. 1922లో ఏడు రాష్ట్రాలు ఆ నదీజలాలను పంచుకుంటూ ఒప్పందం రాసుకున్నాయి. ఎగువకు సగం, దిగువకు సగం, మొత్తం కోటిన్నర ఎకరా-అడుగులు, మన లెక్కలో సుమారు 653 టీఎంసీలు. 1944లో మెక్సికో దేశానికి మరో 15 లక్షల ఎకరా-అడుగులు ఇస్తామన్నారు. నదిలో ఇంతకంటే ఎక్కువ నీళ్ళే వున్నాయని ఒప్పందం రాసినవాళ్ళ నమ్మకం. వాళ్ళ చేతిలో వున్నది ఇరవై ఏళ్ళ చిల్లర కొలత. ఆ నది ఒడ్డున వేల ఏళ్ళుగా బతుకుతున్న ఆదివాసులను ఆ బల్ల దగ్గర కూర్చోనివ్వలేదు.

1976లో టూసాన్ పరిశోధనాలయంలోని స్టాక్టన్, జాకోబీ అనే ఇద్దరు చెట్ల వలయాలతో ఆ నది నాలుగు వందల ఏళ్ళ లెక్క కట్టారు. సగటున ఏడాదికి కోటీ 35 లక్షల ఎకరా-అడుగులే వచ్చిందని తేలింది, అంటే 588 టీఎంసీలు. 20వ శతాబ్దం మొదటి పాతిక ముప్ఫై ఏళ్ళు, ఒప్పందానికి ఆధారం చేసుకున్న ఆ ఏళ్ళు, నాలుగు వందల ఏళ్ళలోకెల్లా తడి ఎక్కువైన కాలం! మంచి కాలాన్ని మామూలు కాలమనుకుని, లేని నీళ్ళను కాగితం మీద పంచుకున్నారు. తర్వాతి పరిశోధకులు ఆ సగటును కొంచెం పెంచారు గాని, పంచినంత నీరు నదిలో లేదన్న మాట మారలేదు. ఆ నది ఇప్పుడు చాలా ఏళ్ళు సముద్రం చేరకుండానే ఎండుతుంది. 2021 ఆగస్టులో మొట్టమొదటిసారి అధికారికంగా నీటి కొరత ప్రకటించారు. 2022 నుంచి అరిజోనాలోని పినాల్ కౌంటీ పొలాలకు కాలువ నీళ్ళు భారీగా కోతపడ్డాయి. బీడు పెట్టిన పొలంలో రైతు నష్టం కాగితం మీదకు ఎక్కుతుంది. ఆ పొలంలో దినకూలి పోయినవాడి నష్టం ఎక్కడా ఎక్కదు.

మన దగ్గర కృష్ణా నీళ్ళ పంపకం చూడండి. బచావత్ ట్రిబ్యునల్ 78 ఏళ్ళ ప్రవాహపు లెక్క ముందు పెట్టుకుని, నూటికి 75 ఏళ్ళు నమ్మదగ్గ నీరు 2,060 టీఎంసీలని తేల్చింది. ఇరవై ఏళ్ళ లెక్క కంటే అది చాలా మేలు. ఎన్ని ఏళ్ళ లెక్క చూశారు, అందులో తడి ఏళ్ళెన్ని, పొడి ఏళ్ళెన్ని అన్న ప్రశ్న ఇంజనీర్లకు మాత్రమే వదిలెయ్యదగ్గది కాదని కొలరాడో కథ చెబుతోంది. ఆ లెక్క మీదే ఏ చివరి పొలానికి నీళ్ళు వస్తాయో రావో తేలుతుంది.

మన చెట్లు ఏమంటున్నాయి

మన నేలలో ఈ పని కొంచెం కష్టం. చింత, మామిడి వంటి చెట్లలో ఏటేటి వలయం తేటగా పడదు. ఊళ్ళో కూలిన చింతచెట్టు వలయాలు లెక్కపెట్టి వయసు చెప్పబోతే పొరపడతాం. టేకు అట్లా కాదు. ఎండాకాలం ఆకు రాల్చి, వానతో చిగిర్చి, ఏడాదికొక వలయం వేస్తుంది. పుణెలోని ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థవారు కేరళ టేకు చెట్లతో 1481 నుంచి 2003 దాకా, 523 ఏళ్ళ వరుస కట్టి 2010లో ప్రకటించారు. పసిఫిక్ సముద్రం వేడెక్కే ఎల్ నినో ఏళ్ళలో వానలు తప్పి వలయాలు సన్నబడిన గుర్తులు అందులో కనబడ్డాయి.

అదే 2010లో ఎడ్వర్డ్ కుక్, ఆయన సహచరులు ఆసియా ఖండమంతటా మూడు వందలకు పైగా చోట్ల తీసిన వలయాలతో, 1300 నుంచి 2005 దాకా ఏ ఏడు ఎక్కడ ఎంత ఎండిందో పటాలు గీశారు. వాళ్ళు గుర్తించిన పెద్ద కరువుల్లో 1790–96 కరువు ఒకటి. 1791–92లో నిజాం రాజ్యాన్నీ ఉత్తర సర్కారులనూ పీడించిన పుర్రెల కరువు ఆ కాలానిదే. పాతిపెట్టే దిక్కులేక పుర్రెలు తెల్లగా పడివుండడంతో దానికి ఆ పేరు వచ్చింది. మరొకటి 1876–78, మన తాతముత్తాతలు చెప్పుకున్న ధాత కరువు. వాళ్ళ జ్ఞాపకానికి చెట్టు సాక్ష్యం పలికింది.

ఈ కథ నుంచి మన కార్యకర్తలు పట్టుకెళ్ళవలసింది ఒకటుంది. కరువు వచ్చిన ప్రతిసారీ పైనుంచి ఒక మాట వస్తుంది: ఇటువంటి ఎండ కనీవినీ ఎరగం, ఎవరేం చెయ్యగలరని. డగ్లస్ చూపిన దారిలో నడిచినవాళ్ళు ఆ మాటకు జవాబు తయారుగా పెట్టారు. ఇంతకంటే పెద్ద కరువులు వచ్చాయి, మళ్ళీ వస్తాయి. భూమి వేడెక్కుతున్న ఈ కాలంలో అవి ఇంకా తీవ్రమయ్యే ప్రమాదముంది. కనుక ముందే లెక్క వేసుకోకపోవడం తప్పు. ఊరికి ఎన్ని దినాల పని, ఏ రేటు కూలి, ఎన్ని కిలోల బియ్యం, పశువులకు ఎంత మేత, తాగునీళ్ళు ఎక్కణ్ణుంచి అన్న కాగితం చెరువు నిండివున్నప్పుడే రాయించుకోవాలి. ఎండిన తర్వాత అడిగితే, 1877లో వచ్చిన జవాబు లాంటిదే వస్తుంది.